మూడు రోజుల ఏకాంత రిట్రీట్‌కి టైంటేబుల్ అడిగినవారికి

మొదటిసారి ఒంటరిగా మూడు రోజుల రిట్రీట్‌కి, అంటే పనులన్నీ పక్కనపెట్టి ప్రార్థనలో గడిపే ఏకాంతానికి, వెళ్తున్నాను, సమయం వృథా కాకుండా ఏం చదవాలి, ఎన్ని గంటలు ప్రార్థించాలి, టైంటేబుల్ ఉంటే పెట్టండి అని అడిగారు. టైంటేబుల్ నా దగ్గర లేదు, ఉన్నా ఇవ్వను. దానితో విసిగిపోయే కదా అక్కడికి వెళ్తున్నారు!

మొదటి రోజు నిద్రపోండి. నవ్వులాటకి అనడం లేదు. బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం తీయండి. యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయిన ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ప్రసంగమేమీ చేయలేదు, లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి తట్టి లేపి, మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడి నిమ్మళమైన స్వరం వినిపించింది ఇదంతా అయ్యి, 40 రోజులు నడిచాక. మన ప్రసంగీకులు మాత్రం ఒక్క గంతులో ఆ స్వరం దగ్గరికి వెళ్లిపోతారు. మధ్యలో ఉన్న రొట్టె, నిద్ర ఎవరికీ పట్టవు.

ఉపవాసం కూడా చేద్దామనుకుంటే, షుగర్‌కో బీపీకో మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. నీరసంతో కళ్లు తిరిగితే దాన్ని దర్శనం అనుకున్నవాళ్లు నాకు తెలుసు.

అసలు కష్టం రెండో రోజు మధ్యాహ్నం మొదలవుతుంది. మొదటి రోజు అలసట కాపాడుతుంది, మూడో రోజు ఇంటికి వెళ్తున్నామన్న సంతోషం కాపాడుతుంది. నేను రిట్రీట్‌కి వెళ్లినప్పుడు ఉన్న గదిలో మంచం, బల్ల, గోడకి సిలువ, ఒక కిటికీ, అంతే. భోజనం అయ్యాక మార్కు సువార్త తెరిచాను. ఒకే వచనం మళ్లీ మళ్లీ చదివినా తలకెక్కదే! బల్ల అంచున ఎవరో బాల్‌పెన్నుతో వరసగా నిలువు గీతలు గీసి ఉన్నారు. నాకంటే ముందు కూర్చున్నావిడ ఇలాగే గంటలు లెక్కపెట్టుకుందేమో అనుకున్నాను. సబ్బు కవర్ మీద ఉన్నదంతా చదివేశాను. గ్యాస్ కట్టేశానా లేదా అన్న టెన్షన్ కూడా అప్పుడే పట్టుకుంది.

బయట తోటలో ఒక పెద్ద సిస్టర్ కలుపు తీస్తున్నారు. కిటికీలోంచి నా మొహం చూసి చేత్తో రమ్మన్నారు. "ఈ వరస నీదమ్మా. వేరుతో సహా రావాలి, తుంచితే మళ్లీ మొలుస్తుంది" అన్నారు. ఇందులో ఆత్మీయ పాఠం వెతక్కండి, ఆవిడ చెప్పింది నిజంగా గడ్డి గురించే. ఆ తర్వాత ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. గోళ్లలో మట్టితోనే గదికి వచ్చి, చేతులు కడుక్కుని కూర్చుంటే ఆరో అధ్యాయం ఇట్టే సాగింది. కాస్త విశ్రాంతి తీసుకుందాం రండని యేసు శిష్యులను దోనెలో ఏకాంతానికి తీసుకెళ్తాడు, తీరా చూస్తే జనం పరుగెత్తుకుంటూ వాళ్లకంటే ముందే అక్కడికి చేరిపోయి ఉంటారు. వాళ్ల రిట్రీట్ గతి కూడా అంతే అని నవ్వొచ్చింది. అన్నేళ్లుగా చదువుతున్నా అక్కడ నవ్వు రావడం అదే మొదలు.

ఈ మధ్యాహ్నపు విసుగు మనతో పుట్టింది కాదు. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి దీని గురించి రాశాడు: పగటికి 50 గంటలున్నట్టు అనిపిస్తుందట, సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి సూర్యుడు ఎక్కడిదాకా వచ్చాడో చూస్తాడట. అంతకుముందే అంతోనీ అనే ఇంకో ఎడారి సన్యాసికి ఇదే విసుగు పట్టినప్పుడు, తనలాంటి మనిషే ఒకడు కూర్చుని తాడు పేనుతూ, లేచి ప్రార్థిస్తూ, మళ్లీ కూర్చుని పేనుతూ కనిపించాడని చెబుతారు. అలా చేస్తే చాలు అన్న మాట విన్నాడట. అందుకే చెబుతున్నాను, చేతికి ఏదో ఒక పని పెట్టుకోండి. ఊడవండి, బట్టలు ఉతకండి. బైబిలు తప్ప పుస్తకాల సంచీ మాత్రం మోసుకెళ్లకండి. ఒక సువార్త చాలు, అదీ పైకి చదవండి. ఫోన్ స్విచాఫ్ చేసి అక్కడి ఆఫీసులో ఇచ్చేయండి. బైబిల్ యాప్ కోసమని ఉంచుకున్న ఫోన్ వాట్సాప్‌లో తేలుతుంది.

సన్యాసుల పేర్లు ఎత్తితే మా సంఘంలో కొందరికి గిట్టదు. అయినా ఇంకొకాయన పేరు ఎత్తక తప్పదు, జెస్యూట్ల సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా. గంట ప్రార్థనలో మధ్యలోనే లేచిపోవాలనిపిస్తే, గంట దాటి ఇంకాస్త కూర్చోమంటాడు. మనసు ఎండిపోయి ఉన్నప్పుడు పాత నిర్ణయాలు మార్చొద్దంటాడు. కాబట్టి రెండో రోజు మధ్యాహ్నం ఉద్యోగానికి రాజీనామా రాయకండి, పెళ్లి సంబంధం వద్దనుకోకండి.

బుక్ చేసే ముందు అక్కడ మైకు ఉందా అని అడగండి. మౌన రిట్రీట్ అని పిలిచి, తెల్లవారుజాము నుంచి లౌడ్‌స్పీకర్‌లో పాటలు పెట్టిన చోటు ఒకటి నేను చూశాను. వెళ్లి అడిగితే, అవి దేవుడి పాటలే కదా అన్నారు.

తిరిగొచ్చాక అందరూ అడిగేది ఒకటే, దేవుడు మీతో ఏం మాట్లాడాడు? చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పాలి కదా అని కొందరు అక్కడ ఉన్నంతసేపూ దానికోసమే పాయింట్లు రాసుకుంటుంటారు. మీ నోట్‌బుక్ ఎవరికీ చూపించకండి. ఆ ఆదివారం మైకు ఇస్తే వచ్చే నెల చెబుతానని తప్పించుకోండి, అప్పటికి వాళ్లు మర్చిపోతారు.