పాఠకుల ప్రశ్నలు: జావాలో స్థలం

ప్రశ్న: జావా దక్షిణ తీరంలో పచితాన్ జిల్లాలో 500 గజాలు కొని హోమ్‌స్టే కట్టాలనుంది. అక్కడి పరిచయస్థుడి పేరున రాయించుకోవచ్చా?
- కూకట్‌పల్లి పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ఇండోనేషియా 1960 భూచట్టం 26వ ఆర్టికల్ ప్రకారం ఇలాంటి బినామీ కొనుగోలు చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన సొమ్మూ తిరిగి అడగలేరు. విదేశీయులకు సంపూర్ణ యాజమాన్య హక్కు, అంటే 'హక్ మిలిక్', ఉండదు.

వ్యాపారానికి దారి విదేశీ పెట్టుబడి కంపెనీ, దాని పేరున 'హక్ గునా బంగునాన్', అంటే స్థలంపై భవనం కట్టుకుని వాడుకునే హక్కు: 30 ఏళ్లు, తర్వాత 20 పొడిగింపు, ఆపై 30 పునరుద్ధరణ. కాని పెట్టుబడి ప్రణాళిక 1,000 కోట్ల రూపియాలు దాటాలి, మన డబ్బులో దాదాపు 5 కోట్ల రూపాయలు. మన దేశం నుంచి ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం; లేఅవుట్ల క్రమబద్ధీకరణ కాదు) కింద ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్లే పంపగలరు. చిన్న హోమ్‌స్టేకి ఇది బరువే.

'గిరిక్', 'లెటర్ సి' చూపిస్తే నమ్మొద్దు. అవి పన్ను కాగితాలు, హక్కు పత్రాలు కావు. భూమి హక్కు సర్టిఫికెట్‌ను భూపత్రాల అధికారి ద్వారా జిల్లా భూమి కార్యాలయంలో సరిచూపించండి. సముద్రపు పోటు గీత నుంచి కనీసం 100 మీటర్లు తీర రక్షణ పట్టీ. పైగా అది సున్నపురాతి నేల, వాన నీరు ఇంకిపోతుంది. ఎండాకాలంలో నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో ముందే అడగండి.