చిన్న ఫొటో ఎక్కుతోంది, పెద్ద ఫొటో ఎక్కట్లేదు

ప్రశ్న: నమస్తే సార్. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష సొంతంగా నేర్చుకుంటున్నాను. ఫొటోలు అప్‌లోడ్ చేసే చిన్న పేజీ రాశాను, నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. సర్వర్‌లో పెట్టాక చిన్న ఫొటోలు ఎక్కుతున్నాయి కానీ ఫోన్‌తో తీసినవి ఎక్కట్లేదు, ఎర్రర్ కూడా రాదు, ఫామ్ మళ్లీ ఖాళీగా వచ్చేస్తుంది. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్‌లో అప్‌లోడ్ లిమిట్‌ని 20ఎంబీ అని మార్చి సర్వర్ రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు చిన్నవి కూడా ఎక్కట్లేదు! ఫోల్డర్‌కి 777 పర్మిషన్ (ఎవరైనా రాయొచ్చు అని) ఇచ్చినా అంతే. టెన్షన్‌గా ఉంది, ఎక్కడ తప్పు?

జవాబు: 20ఎంబీ అని రాశానన్నారు చూడండి, చిన్న ఫొటోలు ఆగిపోయింది అక్కడే. ఆ ఫైల్‌లో అంకె పక్కన ఎం అనే ఒక్క అక్షరమే ఉండాలి. చివర బి తగిలిస్తే పీహెచ్‌పీకి అది అర్థం కాదు, దాని ముందున్న ఎం‌ని కూడా పట్టించుకోకుండా మొత్తాన్ని 20 బైట్లు అని చదువుకుంటుంది. 20 బైట్లలో ఫొటో మాట అటుంచండి, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ ఒక్కో గుణింతపు గుర్తుకీ 3 బైట్లు పడతాయి కాబట్టి మీ పేరు రాసినా పట్టడం అనుమానమే. 8.2 వెర్షన్ నుంచి దీని గురించి ఒక హెచ్చరిక వస్తుంది, కానీ విలువని మాత్రం అప్పుడు కూడా 20గానే తీసుకుంటుంది. ముందు దాన్ని 20ఎం అని దిద్దండి.

ఇక అసలు సమస్య. పీహెచ్‌పీలో అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్ డిఫాల్ట్ విలువ 2ఎం, ఫోన్ ఫొటో చాలాసార్లు దాన్ని దాటిపోతుంది. దీనితో పాటు పోస్ట్_మ్యాక్స్_సైజ్ అని ఇంకోటి ఉంది, దాని డిఫాల్ట్ 8ఎం. మొదటిది ఒక్కో ఫైల్‌కి, రెండోది ఫామ్‌లో వచ్చే మొత్తం డేటాకి, అంటే ఫైళ్లన్నీ, మిగతా గడులన్నీ కలిపి. ఒకటి పెంచి రెండోది వదిలేస్తే లాభం లేదు, రెండోది ఎప్పుడూ మొదటిదానికంటే కాస్త పెద్దగా ఉండాలి, మీకైతే 20ఎం, 24ఎం పెట్టుకోండి.

ఈ రెండు హద్దులూ దాటినప్పుడు కనిపించే లక్షణాలు వేరు, చాలామంది తికమకపడేది ఇక్కడే. ఫైల్ హద్దు దాటితే $_ఫైల్స్‌లో (వచ్చిన ఫైళ్ల వివరాలు పీహెచ్‌పీ ఉంచే చోటు) ఫైల్ పేరు ఉంటుంది, ఎర్రర్ అనే గడిలో 1 ఉంటుంది, సైజు 0 ఉంటుంది. అదే మొత్తం డేటా హద్దు దాటితే $_ఫైల్స్, $_పోస్ట్ (మిగతా గడుల డేటా ఉండే చోటు) రెండూ ఖాళీ! ఫామ్‌లో టైప్ చేసిన పేరు, ఫోన్ నంబర్ కూడా మాయం. మీ స్క్రిప్ట్‌కి అసలు ఎవరూ ఫామ్ పంపనట్టే కనిపిస్తుంది, అందుకే అది ఖాళీ ఫామ్‌ని మళ్లీ చూపించి ఊరుకుంటుంది. మీ పేజీ సైలెంట్‌గా ఉండటానికి ఇదొక కారణం కావచ్చు, ఎర్రర్ గడిని మీరు అసలు చూడకపోవడం రెండోది కావచ్చు. రిక్వెస్ట్ పోస్ట్ పద్ధతిలో వచ్చి, కంటెంట్_లెంగ్త్ (పంపిన డేటా సైజు) సున్నా కంటే ఎక్కువ ఉండి, $_పోస్ట్ మాత్రం ఖాళీగా ఉంటే "ఫైల్ మరీ పెద్దది" అని చెప్పే రెండు లైన్లు స్క్రిప్ట్ మొదట్లోనే రాసి పెట్టుకోండి.

ఎర్రర్ గడిలో ఉన్న అంకె చూడకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే చీకట్లో తడుముకున్నట్టే. 0 అంటే ఫైల్ క్షేమంగా చేరింది. 3 అంటే సగంలో తెగిపోయింది, నెట్ వైపు చూడండి. 4 అంటే యూజర్ ఫైలే ఎంచుకోలేదు. 6, 7 వస్తే తప్పు సర్వర్‌లో ఉంది, టెంపరరీ ఫోల్డర్ లేదు లేదా డిస్క్ మీద రాయలేకపోయింది (డిస్క్ నిండిపోయిందేమో కూడా చూడండి). 5 అనేది లేనే లేదు, వెతక్కండి.

పీహెచ్‌పీ వరకూ రాకముందే ఆగిపోయేవి కూడా ఉంటాయి. పీహెచ్‌పీకి ముందు ఎన్జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే దాని క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ డిఫాల్ట్ 1ఎం మాత్రమే, దాటితే 413 అని పేజీ వస్తుంది, అప్పుడు పీహెచ్‌పీలో ఎంత పెంచినా ఉపయోగం లేదు. మీకు ఖాళీ ఫామ్ వస్తోంది కాబట్టి మీ సంగతి ఇది కాదు.

మార్చిన సెట్టింగ్ నిజంగా అమల్లోకి వచ్చిందా అనేది సెట్టింగులన్నీ చూపించే పీహెచ్‌పీఇన్ఫో పేజీలో చూడండి, కమాండ్ లైన్‌లో కాదు. రెండింటికీ వేర్వేరు ఐఎన్ఐ ఫైళ్లు ఉండటం మామూలే. ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని వెబ్ సర్వర్ నుంచి విడిగా నడిపే ప్రోగ్రామ్) వాడుతుంటే రీస్టార్ట్ చేయాల్సింది దాన్ని, వెబ్ సర్వర్‌ని మాత్రమే చేస్తే పాత విలువలే నడుస్తుంటాయి. స్క్రిప్ట్ లోపల ఐఎన్ఐ_సెట్ ఫంక్షన్‌తో ఈ హద్దులు పెంచడం కుదరదు, స్క్రిప్ట్ మొదలయ్యేసరికే ఫైల్ వచ్చేసి ఉంటుంది కదా. పని అయ్యాక ఆ ఇన్ఫో పేజీని తీసేయండి, లోపలి గుట్టంతా అందులో ఉంటుంది.

777 సంగతి. సైజు సమస్యకీ పర్మిషన్‌కీ సంబంధం లేదు. పర్మిషన్ తేడా ఉంటే ఎర్రర్ 0 వచ్చి, ఫైల్‌ని మీ ఫోల్డర్‌లోకి మార్చే మూవ్_అప్‌లోడెడ్_ఫైల్ ఫంక్షన్ మాత్రం ఫెయిల్ అవుతుంది, లాగ్‌లో పర్మిషన్ డినైడ్ అని పడుతుంది. అప్పుడు చేయాల్సింది ఫోల్డర్‌ని పీహెచ్‌పీ నడిచే యూజర్ పేరు మీదికి మార్చి 755 (రాసే హక్కు ఆ యూజర్‌కి మాత్రమే) ఇవ్వడం. డెబియన్, ఉబుంటుల్లో ఆ యూజర్ మామూలుగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. ఎస్ఈలినక్స్ (లినక్స్‌లో అదనపు భద్రతా కాపలా) ఆన్‌లో ఉన్న సర్వర్‌లో ఫోల్డర్‌కి సరైన లేబుల్ లేకపోతే 777 ఇచ్చినా రాయనివ్వదు. ఇప్పుడే వెనక్కి తీసేయండి ఆ 777ని.

ప్రశ్న: నాకు $_ఫైల్స్ ఎప్పుడూ ఖాళీనే, 10 కేబీ ఫైల్ పెట్టినా సరే. $_పోస్ట్‌లో మాత్రం ఫైల్ పేరు కనిపిస్తోంది.

జవాబు: ఫామ్ ట్యాగ్‌లో ఎన్‌క్‌టైప్ మర్చిపోయారు. మల్టీపార్ట్ ఫామ్ డేటా అని పెట్టకపోతే బ్రౌజర్ ఫైల్ పేరు ఒక్కటే పంపి చేతులు దులుపుకుంటుంది.

ప్రశ్న: $_ఫైల్స్‌లో టైప్ ఇమేజ్ అని ఉంటేనే ఫైల్ తీసుకుంటున్నాను. సెక్యూరిటీకి ఇది చాలా?

జవాబు: చాలదు. ఆ టైప్ బ్రౌజర్ చెప్పిన మాట, పంపేవాడు దాన్ని ఎలాగైనా మార్చి పంపొచ్చు. పీహెచ్‌పీలోని ఫైల్‌ఇన్ఫోతో లోపలి డేటా చూసి తేల్చుకోవడం మెరుగే, కానీ నిఖార్సైన ఫొటో లోపల కూడా పీహెచ్‌పీ కోడ్ దాచొచ్చు కాబట్టి అక్కడితో ఆగకండి. సర్వర్ ఫైల్‌ని కోడ్‌గా నడపాలా వద్దా అని తేల్చేది మామూలుగా ఎక్స్‌టెన్షన్ చూసే, అందుకని యూజర్ పంపిన పేరుని పక్కన పడేసి పేరు, ఎక్స్‌టెన్షన్ రెండూ మీరే పెట్టండి. ఫైళ్లు దాచే ఫోల్డర్ వెబ్‌రూట్ (బ్రౌజర్‌కి నేరుగా అందే ఫోల్డర్) బయట ఉంచి, చూపించాల్సినప్పుడు స్క్రిప్ట్ ద్వారా పంపండి. షేర్డ్ హోస్టింగ్‌లో అది కుదరకపోతే కనీసం ఆ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపేయండి.