తేయాకు ఓడల మీద రాస్తున్న యువ మిత్రునికి

చిరంజీవికి,

ఆశీస్సులు. తేయాకు పుట్టుక గురించి, అది సముద్రాలు దాటిన తీరు గురించి నీవు రాసి పంపిన వ్యాసం చేరింది. శ్రమపడి సమాచారం సేకరించావు, భాష కూడా తేటగా ఉంది. అయితే చీనా చక్రవర్తుల దగ్గర మొదలై జపాన్, హాలండ్, ఇంగ్లండ్, అమెరికా, అస్సాం, సింహళం అంటూ పేజీకో దేశం చొప్పున పరుగెత్తిన ఈ వ్యాసంలో తేయాకు మాత్రం ఎక్కడా కంటికి కనబడలేదు. అది ఎలాంటి పెట్టెలో ప్రయాణించింది, ఓడలో ఏ అరలో కూర్చుంది, దానికి డబ్బు ఎవరు ఏ రూపంలో చెల్లించారు అన్న ప్రశ్నలకు జవాబు లేకుండా వ్యాపార చరిత్ర రాస్తే అది సంవత్సరాల పట్టికగానే మిగులుతుంది.

ముందుగా నీ ఎత్తుగడ సంగతి. షెన్‌నాంగ్ చక్రవర్తి మరుగుతున్న నీళ్లలో ఆకులు రాలిపడిన కథ చెప్పి, పక్కన క్రీ.పూ. 2737 అని వేశావు. కథ చెప్పు, తప్పులేదు. కానీ పుక్కిటి పురాణానికి సంవత్సరం తగిలిస్తే, ఆ తరువాత నీవు రాసే నిజమైన సంవత్సరాలను కూడా చదువరి నమ్మడు. దానికి బదులు, క్రీ.పూ. 141లో మరణించిన హాన్ వంశపు జింగ్ చక్రవర్తి సమాధి దగ్గర దొరికిన ఆకుల సంగతి రాయి. అవి తేయాకు మొగ్గలేనని శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించారు. ఆ సమాధి ఉన్నది ఉత్తరాన, నేటి షీయాన్ దగ్గర. తేయాకు సహజంగా పెరిగేది నైరుతి చీనాలోని యున్నాన్, సిచువాన్ ప్రాంతాల్లో. అంటే చక్రవర్తితోపాటు మట్టిలో చేరిన ఆ ఆకు అప్పటికే దూరప్రయాణం చేసివచ్చిన సరుకు. నీ వ్యాసానికి కావలసిన ఆరంభం అక్కడే ఉంది.

ఇక అసలు మాట. పది ఓడల పేర్లు చెప్పకు, ఒక్క ఓడను తీసుకొని దాన్ని నింపు. నన్నడిగితే స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ వారి గోథెబోర్గ్ అనే ఓడను ఎంచుకోమంటాను. అది 1743 మార్చిలో స్వదేశంలో బయలుదేరి, దారిలో స్పెయిన్ రేవు కాదిజ్‌లో వెండి నాణేలు ఎక్కించుకొని, అనుకూలమైన గాలులు తప్పిపోయి జావా దగ్గర నెలల తరబడి ఆగి, 1744లో దక్షిణ చీనా రేవు కాంటన్ చేరింది. తిరుగుప్రయాణంలో 1745 సెప్టెంబరు 12న సొంత ఊరి రేవు ముంగిట, అందరికీ తెలిసిన రాతిగుట్టకే కొట్టుకొని మునిగిపోయింది. మనుషులంతా బతికారు. దాదాపు 700 టన్నుల సరుకులో ఎక్కువ భాగం నీటిపాలైనా, పైకి తీయగలిగిన ముప్పై టన్నుల దాకా తేయాకును, కొంత పట్టును, పింగాణీని వేలం వేస్తే పెట్టుబడిదారులకు లాభమే మిగిలింది. ఈ ఒక్క సంగతి చాలు, ఆ వ్యాపారంలో ఎంత డబ్బుందో చదువరికి అర్థమవుతుంది. విశేషణాలేవీ అక్కరలేదు.

ఆ ఓడ ఎలా నిండిందో నెమ్మదిగా చూపించు. పెద్ద ఓడలు కాంటన్ నగరం దాకా వెళ్లలేక కొంత దిగువన వాంపోవా దగ్గర లంగరు వేసేవి. సరుకు పడవల మీద అక్కడికి వచ్చేది. అన్నిటికంటే అడుగున పింగాణీ సర్దేవారు. అది తడిసినా చెడదు, పైగా దాని బరువుకు ఓడ నిలకడగా నిలుస్తుంది. తేయాకు పెట్టెలు దాని మీద, పొడిగా ఉండే చోట చేరేవి. తేమను ఎంత సులువుగా పీలుస్తుందో, పక్కనున్న వాసనను కూడా అంతే సులువుగా పీల్చుకునే సరుకు ఇది. మూత సరిగ్గా పెట్టని కాఫీపొడి డబ్బా సంగతి ఎరిగినవారికి ఈ చిక్కు వివరించనక్కరలేదు. అందుకే చెక్కపెట్టె లోపలివైపు పలుచని సీసపు రేకు పరిచేవారు. నైరుతి గాలులతో వచ్చిన ఓడలు ఈశాన్య గాలులు వీచే శీతకాలంలో బయలుదేరాలి. ఆ గడువు దాటితే ఏడాది పోయినట్టే.

ఆ పెట్టె కాంటన్‌కు రాకముందు నడిచిన దారిని కూడా విడిచిపెట్టకు. వూయీ కొండల్లో మేలురకం ఆకును మోసే కూలీలను తరువాతి శతాబ్దంలో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు కళ్లారా చూసి రాశాడు. ఒక మనిషికి ఒకే పెట్టె. దాని రెండు పక్కలా పొడవాటి వెదురుబద్దలు కట్టి, వాటి రెండో కొసలను ఒకచోట కలిపేవారు. అలసట తీర్చుకోవాలంటే కూలీ ఆ కొసను నేలకు ఆనించి వెదుళ్లను నిటారుగా నిలబెట్టుకునేవాడు, పెట్టె మాత్రం దారి పొడుగునా నేలను తాకేది కాదు. తాగేవాడు ఎన్నడూ చూడని ఈ జాగ్రత్తకు ఒక పేరా కేటాయించు.

డబ్బు విషయం నీవు దాటవేశావు. ఐరోపావారి దగ్గర చీనావారికి కావలసిన సరుకు పెద్దగా ఉండేది కాదు, కనుక వెండితోనే కొనవలసి వచ్చేది. స్వీడన్ ప్రజలు అంత తేయాకు తాగేవారా అని చదువరి అడుగుతాడు. తాగేవారు కాదు. వారు తెచ్చినదానిలో చాలా భాగం తిరిగి అమ్ముడై, దొంగరవాణాగా ఇంగ్లండ్ తీరానికి చేరేది, ఎందుకంటే అక్కడ సుంకం మండిపోయేది. 1784లో బ్రిటిష్ పార్లమెంటు ఆ సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి దించేసరికి దొంగరవాణాకు గిట్టుబాటు పోయింది, స్వీడన్ కంపెనీ వ్యాపారమూ క్రమంగా కుంగిపోయింది. ఇంతటి మలుపును నీవు అరవాక్యంలో ముగించి, 1866లో కొత్త తేయాకుతో చీనా నుంచి లండన్‌కు ముందుగా చేరాలని ఓడలు వేసుకున్న పందేనికి మాత్రం రెండు పేజీలిచ్చావు. ఆ పందెం అందరూ రాసేదే, ఒక వాక్యం చాలు.

ఒక తప్పు తప్పక దిద్దుకో. 1773 డిసెంబరు 16న అమెరికాలోని బోస్టన్ రేవులో బ్రిటిష్ పన్నుకు నిరసనగా నీళ్లలో పారబోసిన 342 పెట్టెల్లో ఉన్నది భారతదేశపు తేయాకు అని రాశావు. అదంతా చీనా సరుకే. మన దేశపు తేయాకు లండన్ వేలంలో మొదటిసారి అమ్ముడైంది 1839 జనవరి 10న. అవి అస్సాం నుంచి వెళ్లిన ఎనిమిది పెట్టెలు. అదే ఏడాది, ఇంగ్లీషువారు వెండికి బదులుగా బెంగాల్ నల్లమందును చీనాలోకి పారించిన పాపం పండి, వారికీ చీనాకూ యుద్ధం మొదలైంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టు. ఆ తరువాత ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పనుపున ఫార్చ్యూన్ మారువేషంలో వెళ్లి మొక్కలను గాజుపెట్టెల్లో తరలించుకు వచ్చిన కథ సహజంగానే అందుకుంటుంది. పచ్చ తేయాకు, నల్ల తేయాకు ఒకే మొక్కవని ఆయన తేల్చి చెప్పేదాకా ఐరోపాలో చాలామంది అవి వేరువేరు మొక్కలని నమ్మారన్నది నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించే సంగతి. అస్సాంలో తేయాకును కనిపెట్టింది బ్రూస్ సోదరులని మాత్రం రాయకు. 1823లో రాబర్ట్ బ్రూస్ వెళ్లేనాటికే అక్కడి సింగ్‌ఫో ప్రజలు దాన్ని తాగుతున్నారు.

చివరగా మచిలీపట్నం గురించి. ఇంగ్లీషువారు 1611లో అక్కడ వర్తకస్థావరం పెట్టుకొని, మన నేతబట్టలను జావాలోని బాంటమ్ రేవుకు పంపి మిరియాలు కొన్నారు. 1669లో వారి కంపెనీ లండన్‌కు తెప్పించిన 143 పౌండ్ల పైచిలుకు తేయాకు కూడా ఆ బాంటమ్ నుంచే వెళ్లింది. ఇది చూసి, తొలి తేయాకును కొన్నది తెలుగు నేతగాళ్ల బట్టతోనే అని రాయాలనిపిస్తుంది. రాయకు. బట్టకు మిరియాలు వచ్చాయన్నంతవరకే మనకు ఆధారముంది. తెలుగువారికి తేయాకుతో ఉన్న గట్టి బంధం వేరేచోట ఉంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలుగా అస్సాం తోటలకు తరలిపోయిన కుటుంబాల్లో అది కనిపిస్తుంది. దాన్ని ఈ వ్యాసంలో ఇరికించక, విడిగా రాయి. దానికి ఓడల చరిత్ర కాక, ఆ మనుషుల దగ్గర కూర్చొని వినే ఓపిక కావాలి.

తిరగరాసిన ప్రతిని సంక్రాంతి లోపల పంపు. ఈసారి షీయాన్ సమాధి తరువాత నేరుగా వాంపోవాకు రా, మధ్యలో ఏమి వదలాలో నీకే తెలుస్తుంది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి