సున్నం చల్లే ముందు ఏ లోహమో చూసుకో

అమ్మాయీ,

నువ్వు పంపిన మట్టి రిపోర్టు రెండుసార్లు చదివాను. కాడ్మియం అనే విషలోహం ఉందని చూసి టెన్షన్ పడి, సున్నం, కంపోస్టు, బయోచార్ (పంట వ్యర్థాలను కాల్చి చేసిన బొగ్గు) అన్నీ ఒకేసారి వేసేద్దామంటున్నావు. కాస్త ఆగు. మనం వేసేది ఏదైనా లోహాన్ని నేలలోంచి తీసెయ్యదు, కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. ఆ పట్టు సడలిన రోజున అది మళ్ళీ వేరుకు అందుతుంది.

అందుకే నేలలో మొత్తం ఎంతుందన్న అంకె ఒక్కటే చాలదు. పంటకు అందే భాగం ఎంతో తెలియాలి, దానికి డీటీపీఏ పరీక్ష చేయించు, పీహెచ్, అంటే నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, తప్పకుండా అడుగు. నేల ఆమ్లంగా ఉంటే కాడ్మియం మట్టి నీటిలోకి తేలిగ్గా దిగుతుంది, సున్నం వేసి పీహెచ్ 6.5 దాకా తెస్తే చాలావరకు మట్టికి అంటుకుపోతుంది. ఇప్పటికే 7.5 దాటిన నేలైతే సున్నం వద్దే వద్దు, ఎందుకంటే జింక్ కూడా బిగుసుకుపోతుంది, జింక్ చాలని మొక్క కాడ్మియాన్ని ఇంకా ఎక్కువ లాగుతుంది.

ఆర్సెనిక్ అనే మరో విషం దారి వేరు. పీహెచ్ పెరిగితే అది వదులవుతుంది. నేను ఒకప్పుడు ఈ తేడా పట్టించుకోలేదు. లెడ్ ఆర్సినేట్ అనే పురుగుమందు కొట్టిన పాత పండ్ల తోట అది, అలాంటి చోట సీసం, ఆర్సెనిక్ రెండూ ఉంటాయి. భాస్వరం వేస్తే సీసం కరగని రూపంలోకి మారుతుందని చదివి దండిగా వేశాను. సీసం అణిగింది కానీ, మట్టి రేణువుల మీద ఆర్సెనిక్ కూర్చున్న చోటులోకి భాస్వరం చేరి దాన్ని బయటికి నెట్టేసింది, ఆ ఏడు ఆకుకూర మొత్తం పీకి పారేయాల్సి వచ్చింది. ఆ బాధ నీకు వద్దు.

వరి వేస్తే నీళ్ళ విషయం ఎరువు కన్నా పెద్దది. నీరు నిలిచి ఉంటే కాడ్మియం గంధకంతో కలిసి అణిగిపోతుంది, కానీ ఇనుము పట్టి ఉంచిన ఆర్సెనిక్ విడుదలవుతుంది. ఆరబెడితే సరిగ్గా తలకిందులు. నీ పొలంలో ఆర్సెనిక్ లేదు కాబట్టి వెన్ను వేసే సమయంలో నీళ్ళు తీసెయ్యకు. జపాన్‌లో జింజూ నది నీటితో పండిన బియ్యం తిన్నవాళ్ళకు ఎముకలు పెళుసై విరిగిపోయాయి, 1968లో అక్కడి ప్రభుత్వం అది కాడ్మియం వల్లేనని ఒప్పుకుంది. పిల్లలు తినే గింజ ఇది, తేలిగ్గా తీసుకోవద్దు.

కంపోస్టు బాగా మాగినదే వెయ్యి, పచ్చిది కరిగే సేంద్రియ పదార్థంతో కొన్ని లోహాలను వెంట తీసుకుపోతుంది. పొటాష్ కావాలంటే క్లోరైడ్ మానేసి సల్ఫేట్ వాడు, క్లోరైడ్ కాడ్మియాన్ని కదిలిస్తుంది. భాస్వరం ఎరువుల్లోనే కొంత కాడ్మియం ఉండొచ్చు, కాబట్టి బస్తా మీద బస్తా వద్దు. పరీక్షల్లో సంగతి తేలేదాకా పాలకూర లాంటి ఆకుకూరలు పక్కనపెట్టి బీన్స్, టమాటా వేసుకో, వాటి కాయల్లోకి తక్కువ చేరుతుంది.

ముందు ఒక చిన్న మడిలో చేసి, కోసిన గింజనే పరీక్షకు పంపు. పాలిష్ చేసిన బియ్యంలో కిలోకు 0.4 మిల్లీగ్రాముల కాడ్మియం మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ నియమం. రెండు మూడేళ్ళకోసారి మట్టి మళ్ళీ చూపించు, సున్నం ప్రభావం కరిగిపోతుంది.

పీహెచ్ అంకె రాగానే నాకు పంపు, సున్నం ఎంత వేయాలో కలిసి లెక్క వేద్దాం.