చెట్ల మధ్య నిటారుగా దిగే వాగులో కయాకింగ్: క్లాస్ 3 నదులు దిగినవాళ్లు వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: కయాక్‌లో (ఒక్కరు కూర్చుని తెడ్డుతో నడిపే చిన్న పడవలో) వెడల్పాటి నదుల్లో క్లాస్ 3 ర్యాపిడ్లు, అంటే నీళ్లు రాళ్ల మధ్య వేగంగా ఉరికే చోట్లు, హాయిగా దిగుతున్నారు, రోల్ (తిరగబడిన పడవని లోపల ఉండగానే నిటారుగా తిప్పుకోవడం) నమ్మకంగా వస్తోంది. ఇప్పుడు స్నేహితులు అడవి లోయలో ఇరుకుగా, నిటారుగా దిగే ఒక వాగుకి రమ్మంటున్నారు. దాని గ్రేడు క్లాస్ 4, అంటే కష్టంలో ఒక మెట్టు పైన. వెళ్లొచ్చా, అక్కడ తేడా ఏముంటుంది?

ఇలాంటి వాగుల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. అలవాటు కొద్దీ నేను ఎదురు ప్రశ్న వేస్తాను. అనుకున్న ఎడ్డీలో, అంటే బండ వెనక నీళ్లు వెనక్కి తిరిగి నెమ్మదించే చోట, అనుకున్నట్టు ఆగగలరా? ఎప్పుడో ఒకసారి అని కాదు, పదికి పదిసార్లూ? దీనికి తడుముకోకుండా అవునని చెప్పగలిగితే మిగతావన్నీ మాట్లాడుకోవచ్చు. డ్రాప్ (నీళ్లు ఒక్కసారిగా కిందకి పడే చోటు) ఎంత ఎత్తు, మీరు ఎంత ధైర్యవంతులు అన్నవి ఆ తర్వాతి సంగతి.

పెద్ద నదిలో ఒక ఎడ్డీ తప్పినా కింద ఇంకోటి దొరుకుతుంది, అదీ లేకపోతే ర్యాపిడ్ చివర మడుగు ఉంటుంది. వాగులో ఆ సౌకర్యం ఉండదు. ఎడ్డీ ఒక కయాక్ పట్టేంతే, మహా అయితే రెండు. దాని కింద డ్రాప్, డ్రాప్ కింద వంపు, వంపు అవతల ఏముందో అక్కడికి వెళ్తే గానీ కనబడదు. అందుకే మేం వాగు దిగడమంటే ఎడ్డీ నుంచి ఎడ్డీకి గెంతుతూ వెళ్లడమే. ముందు వెళ్లినవాడు ఆగి చూసి సైగ చేస్తాడు, వెనకవాడు వచ్చి ఆ ఎడ్డీలో చేరేలోపు మొదటివాడు కిందకి జరుగుతాడు. ఎవరైనా ఒక ఎడ్డీ తప్పారంటే ఆ వరుస మొత్తం చెదిరిపోతుంది.

ఈ జాగ్రత్తంతా ప్రధానంగా చెట్ల కోసం. కొత్తవాళ్లు జలపాతాలను చూసి భయపడతారు. మాకు అసలు భయం నీళ్లలో అడ్డంగా పడిన దుంగలంటే. వాటిని స్ట్రెయినర్లు అంటాం. నీళ్లు కొమ్మల మధ్య నుంచి వెళ్లిపోతాయి, మనిషి, పడవ మాత్రం అక్కడే అతుక్కుపోతారు, టీ జల్లెడలో ఆకు మిగిలిపోయినట్టు. నీటి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కాబట్టి మోకాలి లోతు నీళ్లున్న చోట కూడా ఇద్దరు ముగ్గురు లాగినా మనిషి బయటికి రాకపోవచ్చు. డ్రాప్ కింద నీళ్లు వెనక్కి సుడి తిరుగుతూ పడవని తిరగేసే చోటు, అంటే హోల్, చాలాసార్లు కాసేపు తిప్పి వదిలేస్తుంది. స్ట్రెయినర్ వదలదు. బండరాళ్ల సందుల్లోంచి నీళ్లు దూరిపోయే సీవ్‌లూ, కింద కోతపడి లోపల గుహలా ఉండే అండర్‌కట్ బండలూ ఇదే కోవలోకి వస్తాయి.

లోయ అంచులు నిటారుగా ఉంటాయి, మట్టి పలచగా ఉంటుంది. గట్టి గాలివాన వస్తే ఏదో ఒక చెట్టు వేళ్లతో సహా జారి కిందకి వస్తుంది. వెడల్పాటి నదిలో ఆ చెట్టు కొట్టుకుపోయి ఏ మలుపు దగ్గరో ఒడ్డున ఆగుతుంది. వాగు ఇరుకు కాబట్టి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వంతెనలా ఇరుక్కుంటుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో గ్రీన్ నదికి నారోస్ అనే ప్రసిద్ధమైన ఇరుకు భాగం ఉంది. కయాకర్లు తరాలుగా రాయి రాయీ గుర్తుపెట్టుకున్న చోటు అది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వరద వచ్చి ఆ దారినే మార్చేసింది. కాబట్టి పాత వీడియో చూసి దారి బట్టీపడితే సరిపోతుందనుకోకండి. నిన్నటి గాలివాన మీ వీడియోలో ఉండదు కదా.

మేం తరచుగా వెళ్లే ఒక లోయలో ఏటవాలు బండ మీంచి జారి కుడివైపు సందులోకి వెళ్లే ర్యాపిడ్ ఉంది. అందరికీ ఇష్టమైనదే, ఆగి చూడాల్సిన పనేముందని అనిపించేదే. ఒకసారి ముందున్న మిత్రుడు పై ఎడ్డీలోనే ఆగి తెడ్డు అడ్డంగా ఎత్తాడు. దిగి చూస్తే పచ్చి ఆకులింకా వాడని చెట్టొకటి ఆ సందులో సరిగ్గా ఛాతీ ఎత్తులో పడి ఉంది. పడవలు భుజాన వేసుకుని నాచు పట్టిన బండల మీద, వేళ్లు పట్టుకుంటూ చుట్టూ తిరిగి దిగాం. ర్యాపిడ్ దిగడానికి పట్టే సమయం కంటే ఎన్నో రెట్లు పట్టింది. పడవ మనల్ని మోసిన దానికంటే మనం పడవని మోసిందే ఎక్కువని ఒకాయన దారంతా సణిగాడు. కానీ ర్యాపిడ్‌లోంచే దిగిపోదాం అన్నవాడు ఒక్కడూ లేడు.

సైగలు బయల్దేరే ముందే ఒడ్డు మీద మాట్లాడుకోండి. తెడ్డు నిలువుగా ఎత్తితే రావచ్చని, అడ్డంగా పట్టుకుంటే ఆగమని. చేత్తో చూపిస్తే అది వెళ్లాల్సిన వైపే, ప్రమాదం ఉన్న వైపు ఎప్పుడూ చూపించకూడదు. విజిల్ మూడుసార్లు వినిపిస్తే అత్యవసరం. సైగ కనబడకపోతే ఆగమన్నట్టే లెక్క. నీళ్ల హోరులో అరుపులు పనిచేయవు.

పడవ వదిలి నీళ్లలో పడితే మామూలుగా వెల్లకిలా, కాళ్లు ముందుకి పెట్టి తేలాలి. లేచి నిలబడే ప్రయత్నం చేయకండి, రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకి తోసి ముంచేస్తుంది. స్ట్రెయినర్ ముందు మాత్రం లెక్క తిరగబడుతుంది. ముందు పక్కకి ఈది తప్పించుకోవాలి. ఇక తప్పదని తెలిస్తే బోర్లా తిరిగి, తల ముందు పెట్టి, దుంగ వైపే గట్టిగా ఈది, కాళ్లు ఆడిస్తూ ఛాతీని దుంగ మీదకి ఎక్కించాలి. కాళ్లు ముందు వెళ్తే కిందకి లాగేస్తుంది. దీన్ని చదివి నేర్చుకోలేరు. రక్షణ శిక్షణ తరగతుల్లో నీళ్లలో అడ్డంగా ఒక పైపు కట్టి ఇదే చేయిస్తారు, వాగుకి ముందు అది చేసి రండి.

గ్రేడు గురించి ఒక మాట. క్లాస్ 4 అన్నది ర్యాపిడ్ ఎంత కష్టమో చెబుతుంది, ఆ రోజు అందులో చెట్టు ఉందో లేదో చెప్పదు. వాలు కూడా అడగండి. కిలోమీటరుకి 20 మీటర్లు దిగుతుంటే బాగా నిటారు వాగే. అయితే సగటు మోసం చేస్తుంది. డ్రాపూ మడుగూ, డ్రాపూ మడుగూ అన్నట్టు ఉండే వాగు, ఎక్కడా ఆగకుండా జారిపోయే వాగు, రెండింటి సగటూ ఒకటే కావచ్చు. మొదటిసారి మడుగులున్నదే ఎంచుకోండి.

బూఫ్ నేర్చుకోకుండా వెళ్లొద్దు. డ్రాప్ అంచు దగ్గర చివరి తెడ్డు గట్టిగా లాగి, మోకాళ్లతో పడవ ముక్కు పైకెత్తి, కింద ఉన్న హోల్‌ని దాటి పడడం అది. అర మీటరు డ్రాపుల మీద చాలాసార్లు చేసి టైమింగ్ పట్టుకోండి. ఎత్తు పెరిగే కొద్దీ పూర్తిగా చదునుగా పడితే దెబ్బ వెన్నుపూసకి తగులుతుంది, అందుకే పడే క్షణంలో ఒళ్లు ముందుకి వంచాలి. నురగ ఉన్నచోట మెత్తగా ఉంటుంది, నున్నటి ఆకుపచ్చ నీళ్లు మాత్రం గట్టిగా కొడతాయి. తలకిందులైనా సరే ఒళ్లు ముందుకే మడవాలి, వాగులో అడుగు రాళ్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి మొహం కాపాడుకోవాలి. రాయికి అడ్డంగా కొట్టుకుంటే రాయి వైపే వాలండి, వెనక్కి వాలితే ప్రవాహం పడవని తిరగేస్తుంది.

పడవ క్రీక్ బోటే (ఇలాంటి వాగుల కోసం చేసిన కయాకే) ఉండాలి. రెండున్నర మీటర్ల పొడవు, గుండ్రటి అడుగు, ఎక్కువ వాల్యూమ్ (లోపల ఎక్కువ ఖాళీ), కాళ్ల దగ్గర పూర్తి పలక. అరువు తెచ్చుకున్నా ఫరవాలేదు కానీ ముందు మీకు తెలిసిన నదిలో దాన్ని నడిపి చూడండి. సన్నటి తోక పడవలు ఈసారికి ఇంట్లోనే ఉంచండి.

నీటిమట్టం గురించి స్థానికంగా దిగేవాళ్ల మాటే వినండి. చిన్న వాగుకి నీళ్లిచ్చే కొండ ప్రాంతం చిన్నది, వాన పడిన కొద్ది గంటల్లోనే పొంగుతుంది, అంతే త్వరగా తగ్గుతుంది. దిగుతుండగా నీళ్లు బురద రంగుకి మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా మట్టం పెరుగుతోందన్నమాట, బయటికి వచ్చే దారి చూసుకోవాలి. లోయలో ఆ దారులు అన్నిచోట్లా ఉండవు. ఎక్కడెక్కడ ఎక్కి రాగలమో మ్యాపులో ముందే గుర్తు పెట్టుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

గుంపు ముగ్గురు నలుగురికి మించితే ఎడ్డీలు చాలవు. ప్రతి ఒక్కరి దగ్గరా త్రో బ్యాగ్ (నీళ్లలో పడినవాళ్లకి విసిరే తాడు సంచి) ఉండాలి, ఊరికే ఉంటే చాలదు, విసరడం రావాలి. గుంపు మొత్తానికి ఒక విడదీసే తెడ్డు, ఇరుక్కున్న పడవని లాగడానికి కప్పీలూ కారబినర్లూ (తాడు తగిలించే లోహపు కొక్కేలు), మడత రంపం, హెడ్‌ల్యాంప్, ప్రథమ చికిత్స సామాన్లు, ఒక వెచ్చటి బట్ట ఉండాలి. లోయలో ఫోను సిగ్నల్ ఉంటుందని ఆశపడకండి. రంపం కొమ్మలు కోయడానికే, ఒత్తిడిలో ఉన్న పెద్ద దుంగ జోలికి వెళ్తే అది ఎటు తిరుగుతుందో తెలియదు.

ఇక మీ స్నేహితులకి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. మొన్నటి గాలివాన తర్వాత మీలో ఎవరైనా ఆ వాగు దిగారా? దిగకపోతే కనబడని ప్రతి వంపు దగ్గరా ఆగి చూస్తారా? నేను ఏ ర్యాపిడ్‌నైనా దిగనని పడవ మోసుకెళ్తే మీకు అభ్యంతరమా? సమాధానాలు నిదానంగా, వివరంగా వస్తే, మీ ఎడ్డీలు పక్కాగా ఉంటే, తక్కువ నీళ్లున్న రోజు చూసుకుని వెళ్లండి. "ఏం కాదులే, మా వెనకే వచ్చెయ్" అన్నారంటే, నేనైతే వాళ్లతో వెళ్లను.