అమెరికా నుంచి పాత ఎఫ్‌ఎం ట్యూనర్ తెప్పించుకునే ముందు

మంచి యాంప్లిఫయర్, స్పీకర్లు ఉన్నాయి, హైదరాబాద్ ఎఫ్‌ఎం వాటిలో వినాలి, డిసెంబరులో చికాగో నుంచి వచ్చే చెల్లెలితో 1970ల నాటి ట్యూనర్ (స్టేషన్‌ను పట్టి యాంప్లిఫయర్‌కు అందించే రేడియో పెట్టె) ఏది తెప్పించుకోవాలి అని అడిగారు. ముందు నాదొక ఎదురు ప్రశ్న. జర్మనీలోనో, ఇంగ్లండులోనో మీకు చుట్టాలెవరూ లేరా? వేళాకోళానికి అడగడం లేదు. ఈ మాట నన్ను ఎవరైనా సమయానికి అడిగి ఉంటే ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఏడాది కాలం మిగిలేవి.

మా బావగారు డాలస్ నుంచి తెచ్చిన ట్యూనర్ 1980ల నాటిది, అంకెలు వెలిగే రకం. వచ్చిన సాయంత్రమే నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెట్టాను. వెనక 120 అని స్పష్టంగా రాసే ఉంది, చదివే ఓపిక నాకు లేదు. కమురు వాసన వచ్చాక చదివాను. కోఠి గుజరాతీ గల్లీలో ఒక మెకానిక్ 230కి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ వేసి బతికించాడు. ట్యూనర్లు కరెంటు పెద్దగా తినవు, 230 వోల్టులను 120కి దించే వంద వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ముందే కొని ఉంటే ఈ గొడవే లేదు.

ఇంటికి తెచ్చి పెడితే 101.9 రెయిన్‌బో చక్కగా పలికింది. 102.8 వివిధ భారతి కోసం బటన్ నొక్కితే 102.7 దగ్గర ఆగింది, మళ్లీ నొక్కితే 102.9. అమెరికాలో ఎఫ్‌ఎం స్టేషన్లన్నీ చుక్క తర్వాత బేసి అంకె మీదే ఉంటాయి కనుక, అక్కడి కోసం చేసిన డిజిటల్ ట్యూనర్లు చాలావరకు రెండేసి అంకెలు దాటుకుంటూ గెంతుతాయి. 93.5, 98.3 మన అదృష్టం కొద్దీ బేసివి. విజయవాడలో ఉండి ఉంటే రెయిన్‌బో కృష్ణవేణి 102.2దీ ఇదే గతి. పక్క అంకె మీద సర్దుకుందామంటే పాట వస్తుంది గాని ‘స’, ‘శ’ వచ్చిన చోటల్లా గుడ్డ చింపిన చప్పుడు. నాబ్ తిప్పి ముల్లు జరిపే పాత రకానికి ఈ బాధ లేదు, ఎక్కడైనా ఆగుతుంది. అందుకే అమెరికా నుంచే అయితే నాబ్ ఉన్నదే తెప్పించండి.

మూడో చిక్కు అర్థం కావడానికి నాకు నెలలు పట్టింది. ఎఫ్‌ఎంలో స్టేషన్ వారు సన్నని స్వరాలను కొంత పెంచి పంపుతారు, రిసీవర్ అంతే తగ్గిస్తుంది, దాంతో పాటు బుస కూడా తగ్గుతుంది. ఎంత తగ్గించాలన్న లెక్క అమెరికాలో 75 మైక్రోసెకన్లు, యూరప్‌లోనూ మన దగ్గరా 50. అమెరికా ట్యూనర్ ఇక్కడ అవసరానికి మించి కోస్తుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ పైనే పోతాయి. తాళాల మెరుపు, వీణ మీటులోని పదును మందగిస్తాయి. నేను స్పీకర్ల మీద అనుమానపడి వాటిని గది నాలుగు మూలలకూ తిప్పాను, తీగలు మార్చాను, మా ఆవిడ చేత మాటలు పడ్డాను. చివరకు ఆ పని చేసే రెండు చిన్న కెపాసిటర్ల విలువను మూడింట రెండు వంతులకు తగ్గిస్తే సరిపోయింది. కొన్ని మోడళ్లకు వెనక ఇందుకోసం స్విచ్ ఉంటుంది. 50, 75 అని ఉంటే పండగే. 25, 75 అని ఉంటే మనకు పనికిరాదు, ఆ 25 ఒకప్పుడు అమెరికాలో బుస తగ్గించే డాల్బీ పద్ధతిలో చేసిన ప్రసారాల కోసం పెట్టింది.

యూరప్ మార్కెట్ ట్యూనర్ అయితే ఈ మూడు తిప్పలూ ఒక్కసారే తప్పుతాయి. జపాన్‌లో వాడేవి మాత్రం ఎంత అందంగా ఉన్నా వద్దు. అక్కడి పాత బ్యాండు 76 నుంచి 90 వరకే, మన స్టేషన్లన్నీ దాని బయటే.

ఇక పేరున్న మోడళ్లు. మెకింతోష్ ఎంఆర్-78 అంటే పాత ట్యూనర్ల పిచ్చి ఉన్నవాళ్లు చేతులు జోడిస్తారు. బలమైన స్టేషన్ పక్కనే నక్కిన బలహీనమైనదాన్ని విడదీసి వినిపించడం దాని గొప్ప. కిక్కిరిసిన అమెరికా బ్యాండులో అది వరమే. మన ఊళ్లో 92.7కీ 93.5కీ మధ్య 800 కిలోహెర్ట్జ్ ఖాళీ ఉంది. విడదీయడానికి ఏముంది? పైగా పక్క స్టేషన్‌ను ఆపడానికి పెట్టే ఇరుకు ఫిల్టర్ నాదాన్ని కొంత చెడగొడుతుంది. కెన్‌వుడ్ కేటీ-7500లా ఆ ఫిల్టర్‌ను వెడల్పుగానో, ఇరుకుగానో మార్చే వైడ్, న్యారో స్విచ్ ఉన్నది దొరికితే వైడ్‌లో పెట్టి మరిచిపోండి. బలహీన సంకేతాన్ని పట్టే శక్తి గురించి ప్రకటనల్లో రాసిన అంకెలూ నగరంలో పెద్దగా అక్కరకు రావు. చూడాల్సింది క్యాప్చర్ రేషియో, అది ఎంత తక్కువైతే అంత మంచిది. ఎత్తైన అపార్ట్‌మెంట్ల గోడలకు తగిలి వెనకగా వచ్చే ప్రతిధ్వనులను అణిచేది అదే. నేను ఇప్పుడు వింటున్నది సాన్సుయి టీయూ-217, ఆ కంపెనీ ట్యూనర్లలో చిన్న తరగతిది. దీనితో నాకు కొదవేమీ లేదు.

కొనే ముందు అమ్మేవారిని ఒక వీడియో అడగమని చెల్లెలికి చెప్పండి. ముల్లు కదిలే మీటర్లు రెండు ఉన్న ట్యూనర్‌లో సిగ్నల్ ముల్లు గరిష్ఠానికి చేరిన చోటే రెండో ముల్లు సరిగ్గా నడిమికి రావాలి, స్టీరియో దీపం వెలగాలి. అవి కలవకపోతే లోపల అలైన్‌మెంట్, అంటే భాగాల సర్దుబాటు, తప్పినట్టే. అది సరిచేసే పరికరాలు, ఓపిక రెండూ ఉన్న మెకానిక్‌లు ఇప్పుడు అరుదు. డయల్ దీపం మాడిపోయి ఉంటే ఫర్వాలేదు, బేరానికి పనికొస్తుంది.

ట్యూనర్ మీద ఖర్చు పెట్టేదానిలో పదో వంతు యాంటెన్నా మీద పెట్టండి. ట్యూనర్‌తో వచ్చే వేలెడు తీగ టీవీ వెనక పడేసి, బుస వస్తోందని గోల పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. స్టీరియోకు మోనో కన్నా ఎంతో బలమైన సంకేతం కావాలి. నేను బాల్కనీలో డెబ్భై సెంటీమీటర్ల అల్యూమినియం గొట్టాలు రెండు ఒకే వరసలో, మధ్య చిన్న సందుతో బిగించి, ఆ సందు దగ్గర నుంచి కేబుల్ లాగాను. కొన్ని ఎల్‌ఈడీ బల్బులు కూడా గరగర పుట్టిస్తాయి, ఒక్కొక్కటే ఆర్పి చూడండి. మా ఇంట్లో దోషి పూజగది బల్బు.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. ఎఫ్‌ఎంలో శబ్దం 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ప్రైవేటు స్టేషన్లు పాటను పిండి, ఒకే ఎత్తున గట్టిగా వాయిస్తాయి, ఎంత గొప్ప ట్యూనరైనా దాన్ని విప్పలేదు. నా చెవికి తేడా తెలిసింది ఆకాశవాణి వారి కచేరీల దగ్గరే, అదీ రాత్రి ఇల్లు సద్దుమణిగాక. మీరు వినేది ఎక్కువగా 98.3 అయితే ఈ శ్రమంతా వద్దు, ఆ డబ్బుతో చెల్లెలిని ఇంకేదైనా తెమ్మనండి.