పామేరియన్‌కు గొర్రెల కత్తెర వద్దు, ముందు దువ్వెన పట్టండి

ప్రశ్న: సార్, మాకు 40 గొర్రెలున్నాయి. మూడేళ్ల కిందట మా అబ్బాయి కర్నూలు నుంచి పామేరియన్ పిల్లను తెచ్చాడు. ఇప్పుడది దొడ్డి దగ్గరే కాపలా ఉంటుంది. బొచ్చు బాగా ఒత్తు. ఈ ఎండలకు నాలుక వేలాడేసి రొప్పుతోంది. చెవుల వెనక, తొడల దగ్గర బొచ్చు ఉండలు కట్టింది. పిడుదులు కూడా ఉన్నాయి. గొర్రెలకు బొచ్చు కోసే కత్తెరతో దీనికీ నున్నగా తీసేద్దామనుకుంటే, అబ్బాయి తన గడ్డం ట్రిమ్మర్‌తో చేద్దామంటున్నాడు. ఏది మంచిది?
– ఒక రైతు, ఉరవకొండ మండలం, అనంతపురం జిల్లా

జవాబు: రెండూ వద్దు. అసలు నున్నగా తీయాలన్న ఆలోచనే మానుకోండి.

మీకు గొర్రెల అలవాటు ఉంది కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను. నల్ల గొర్రెకు ఏడాదికి రెండుసార్లు బొచ్చు కోస్తారు, మళ్లీ వస్తుంది, మళ్లీ కోస్తారు. ఈ రకం కుక్కల బొచ్చు అలా కాదు. కొంత పొడవు పెరిగి ఆగిపోతుంది, తర్వాత రాలి కొత్తది వస్తుంది. పామేరియన్‌కు పైగా రెండు పొరలుంటాయి. పైన పొడవాటి గట్టి వెంట్రుకలు, లోపల దూదిలాంటి మెత్తటి బొచ్చు. (మన దగ్గర పామేరియన్ అని అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలే. దేనికైనా ఈ మాట వర్తిస్తుంది.) చర్మం దాకా కోసేస్తే లోపలి బొచ్చు ముందు లేచి, పైవెంట్రుక వెనకబడుతుంది. కొన్నింటికి ఏడాది గడిచినా వీపు మీద బోడి మచ్చలు పోవు. ఆ పైవెంట్రుకే చర్మానికి ఎండ తగలకుండా కాపాడేది. అది తీసేసి మే నెల ఎండలో దొడ్డి కాడ వదిలితే చర్మం కాలుతుంది.

ఇక రొప్పడం గురించి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తల దగ్గర కాస్త పడుతుందంతే. వేడిని ఎక్కువగా రొప్పుతూ నోటి నుంచే పంపుకుంటుంది. అందుకే బొచ్చు తీసినంత మాత్రాన చల్లబడదు. లోపలి పొరలో రాలిపోయి ఇరుక్కున్న చచ్చు బొచ్చును తీసేస్తే మాత్రం గాలి ఆడుతుంది. ఆ పని చేసేది దువ్వెన, కత్తెర కాదు.

పట్టణంలో పెంపుడు జంతువుల దుకాణాల్లో స్లిక్కర్ బ్రష్ (సన్నటి వంకీ తీగలుండే బ్రష్), దూరం పళ్ల స్టీలు దువ్వెన దొరుకుతాయి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కుక్కను అరుగు మీదో పాత బల్ల మీదో నిలబెట్టి, తోక వైపు నుంచి మొదలుపెట్టండి. ఒక చేత్తో బొచ్చు పైకెత్తి పట్టుకుని, కింద నుంచి పాయ పాయగా దువ్వాలి. పైపైన దువ్వితే మెరుస్తుంది కానీ అడుగున ఉండలు అలాగే ఉంటాయి. ఒకేరోజు పూర్తి చేయాలని పట్టుపట్టకండి. పావుగంట చేసి, కాస్త రొట్టెముక్క పెట్టి వదిలేయండి, మర్నాడు మళ్లీ. మొదటిరోజు వచ్చే బొచ్చు చూస్తే ఇంకో కుక్క తయారయ్యేలా ఉంటుంది, కంగారు పడొద్దు.

ఉండల దగ్గరే అందరూ పొరపాటు చేసేది. నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుక్కకు చంక కింది ఉండను కత్తెరతో కత్తిరిస్తే బొచ్చుతోపాటు రూపాయి బిళ్లంత చర్మం తెగింది, కుట్లు వేయాల్సి వచ్చింది. ఉండ బిగుసుకున్న కొద్దీ చర్మాన్ని గుడారంలా తనలోకి లాక్కుంటుంది. కత్తెరకు తగిలేది బొచ్చో చర్మమో మనకు తెలియదు. కాబట్టి ముందు కాస్త మెత్తటి మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) చల్లి వేళ్లతో విడదీయండి. విడకపోతే ఉండకూ చర్మానికీ మధ్య దువ్వెన దూర్చి, దువ్వెనకు పైన మాత్రమే కత్తిరించండి. దువ్వెన కూడా దూరకపోతే ఇంట్లో ముట్టుకోవద్దు. ఒళ్లంతా కంబళిలా అట్టకట్టినప్పుడు తప్పనిసరిగా గొరగాల్సిందే. ఆ పని పశువుల ఆసుపత్రిలో, అవసరమైతే మత్తిచ్చి చేస్తారు. ఇంకో మాట, ఉండలు తీయకుండా స్నానం చేయిస్తే అవి తడిసి మరింత బిగుస్తాయి. ముందు దువ్వడం, తర్వాతే నీళ్లు.

బొచ్చు కోసే మిషన్ (క్లిప్పర్) వాడాల్సిన చోట్లు కొద్దిగానే. పొట్ట కింద, తోక కింద, పాదాల మెత్తల మధ్య. పొట్ట కింద పొట్టిగా ఉంటే తడి నేల మీద పడుకున్నప్పుడు చల్లదనం తగులుతుంది. వేళ్ల మధ్య బొచ్చు తీస్తే పల్లేరు కాయలు, మరులమాతంగి ముళ్లు ఇరుక్కోవడం తగ్గుతుంది. గడ్డం ట్రిమ్మర్‌కు ఈ ఒత్తు బొచ్చును కోసే బలం ఉండదు, పీకుతుంది. ఒకసారి పీకితే కుక్క మళ్లీ దగ్గరకు రాదు. కుక్కల క్లిప్పర్ కొంటే 10 నంబరు బ్లేడు చాలు, సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు బొచ్చు మిగులుస్తుంది. నంబరు పెరిగే కొద్దీ కోత పొట్టిగా అవుతుంది. 30, 40 జోలికి పోకండి. బ్లేడును చర్మానికి సమంగా ఆనించాలి, మొన గుచ్చకూడదు. ఐదు నిమిషాలకోసారి మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే కుక్కకూ అంతే. డొక్క తొడకు కలిసేచోట వేలాడే చర్మాన్ని వేళ్లతో సాగదీసి పట్టుకోవాలి, చనుమొనలను వేలితో కప్పి చేయాలి. ఎక్కడైనా గీసుకుంటే బీటాడిన్ రాసి, ఈగలు వాలకుండా చూడండి. దొడ్డి దగ్గర ఉండే కుక్కకు చిన్న గాటులోనూ రెండు రోజుల్లో పురుగులు పడతాయి.

పిడుదులు గొరిగితే పోవు. కనబడతాయంతే. కుక్క పిడుదు రక్తం తాగి కిందికి దిగి, గోడ సందుల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. కాబట్టి మీ రాతి గోడ సందులకూ, కుక్క పడుకునే చోటుకూ వైద్యం కావాలి. సందులు పూడ్చి సున్నం కొట్టండి. కుక్కకు మందు డాక్టరు బరువు చూసి ఇస్తారు. పొలానికి కొట్టే పురుగుమందు పూయడం, గొర్రెలకు మిగిలిన ఐవర్‌మెక్టిన్ సూదిని అంచనాతో వేయడం ఈ రెండింటి వల్ల చచ్చిన కుక్కలు నాకు తెలుసు. మీ కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా అది పిడుదుల జ్వరం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎండకు మాత్రం నీడే మందు. రేకుల కింద కట్టేయకండి, అది పొయ్యి. వేపచెట్టు కింద తడిపిన గోనెసంచి పరిచి, మట్టి తొట్టిలో నీళ్లు రోజుకు మూడుసార్లు మార్చండి. చొల్లు జిగటగా కారుతూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతోందంటే వడదెబ్బే. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండే ఒంటి వేడి అప్పుడు 105 దాటుతుంది. పొట్ట, తొడలు తడిచేలా నీళ్లు పోస్తూ, విసురుతూ బండెక్కించండి. దువ్వడం, కత్తిరించడం అన్నీ ఆ తర్వాతి సంగతి.